మనకు నచ్చిన లెక్కనే ముందు పరీక్షిద్దాం





సైదాబాద్‌లో మీ సాయంతో చదువుకుంటున్న పిల్లలకు ఫీజు కట్టడంతో మన బాధ్యత తీరిపోదు. పుస్తకంలో ఉన్నదాన్ని పరీక్షించి చదవడం కూడా వాళ్లకు నేర్పాలి.

ఇది మనకు కొత్త విద్య కాదు. హదీసువేత్తలు ఒక ఉల్లేఖనాన్ని స్వీకరించే ముందు సనద్‌ను, మతన్‌ను రెంటినీ చూసేవారు. అది ఎవరెవరి ద్వారా వచ్చింది, అందులోని మాట నిలుస్తుందా అని విచారించేవారు. ఉల్లేఖకుడు ఎంత భక్తిపరుడైనా జ్ఞాపకశక్తి బలహీనమైతే ఆ ఉల్లేఖనాన్ని బలహీనమైనదిగానే లెక్కగట్టారు.

పరిశోధనలో లోపం ఉంటే ఎవరికి నష్టమో మన రాష్ట్రంలోనే చూశాం. ముస్లింలకు ఇచ్చిన 5 శాతం రిజర్వేషన్‌ను 2005లో హైకోర్టు కొట్టివేసింది. 2007లో 14 వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం ఇస్తూ చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో దాన్నీ కొట్టివేసింది. బీసీ కమిషన్ విచారణ పద్ధతి శాస్త్రీయంగా లేదని తప్పుపట్టింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడంతో 4 శాతం కొనసాగింది. సర్వే ఎలా చేశారన్న ప్రశ్న మీద మన పిల్లల సీట్లు ఆధారపడ్డాయి.

మరో ఉదాహరణ 2006 నాటి సచార్ కమిటీ నివేదిక. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్లేవారు సుమారు 3 శాతమేనని అది చెప్పింది. బడికి వెళ్తూనే కాసేపు ఖుర్ఆన్ నేర్చుకునే మక్తబ్‌ను, పూర్తి చదువు చెప్పే మదర్సాను ఒకటిగా చూడటం వల్లే ఆ సంఖ్య ఎక్కువనే అపోహ వచ్చిందని వివరించింది. పదానికి అర్థం మారితే అంకె కూడా మారిపోతుంది.

కాబట్టి ఏ పుస్తకం, ఏ పరిశోధనా వ్యాసం చేతికొచ్చినా కొన్ని ప్రశ్నలు వేయాలి. రాసిందెవరు, ఖర్చు భరించిందెవరు? అచ్చుకు ముందు ఆ రంగం తెలిసినవారు పరిశీలించారా? ఎంతమందిని అడిగారు, వారిని ఎలా ఎంచుకున్నారు? సైదాబాద్‌లో నాలుగు వీధులు తిరిగి తెలంగాణ ముస్లింలందరి గురించి తీర్పు చెప్పలేం. లెక్క ఏ ఏడాదిది? 2006 నాటి అంకె నేటి పరిస్థితిని చెప్పదు. చివరి మాట ఆ లెక్కల నుంచే వచ్చిందా, రచయిత ముందే అనుకున్నదా?

మనల్ని నిందించే రాతలను ఎలాగూ అనుమానిస్తాం. మనకు అనుకూలమైన లెక్కను ఇంకా గట్టిగా పరీక్షించాలి. అది బలహీనమైతే, అవసరమైన రోజున కోర్టులో నిలవదు.

డిగ్రీ, పీజీ విద్యార్థులను నెలకోసారి కూర్చోబెట్టి ఒక పరిశోధనా వ్యాసాన్ని ఇలా చదివించాలని కోరుకుంటున్నాం. దీనికి డబ్బుకన్నా చదువుకున్న పెద్దల సమయం ఎక్కువ కావాలి. రేపు మేము అంకెలు చూపించి మిమ్మల్ని సాయం అడిగినప్పుడు, మమ్మల్నీ ఇవే ప్రశ్నలు అడగండి. జవాబు చెప్పాకే మీ జకాత్, సదఖాల సొమ్ము అందుకుంటాం.

అల్లాహ్ మనందరికీ ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.