ట్యాంకర్‌లో ఏముంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత విజయనగరంలో కరెంటు లేదు. పెట్రోలు బంకుల ముందు సీసాలు, డబ్బాలు పట్టుకుని జనం బారులు తీరారు. ఆ రోజులు చూసినవాళ్లకి ‘మ్యాడ్ మ్యాక్స్ 2’ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

1981లో వచ్చిన ఆస్ట్రేలియా సినిమా ఇది. 1979 నాటి మొదటి భాగానికి కొనసాగింపు. దర్శకుడు జార్జ్ మిల్లర్ స్వతహాగా డాక్టరు. ఆసుపత్రి ఎమర్జెన్సీలో రోడ్డు ప్రమాదాల గాయాలు చూసినవాడు. అందుకే కాబోలు, ఆయన తెర మీద బండి బోల్తా పడితే మన ఒళ్లు జలదరిస్తుంది.

మొదటి భాగంలో పోలీసులు, చట్టం ఇంకా కొన ఊపిరితో ఉంటాయి. రెండోదానికి వచ్చేసరికి అవీ పోయాయి. ఎడారిలో చిన్న చమురు స్థావరం, దాన్ని చుట్టుముట్టిన దోపిడీ ముఠా, నడుమ పెట్రోలుకి బేరమాడే మ్యాక్స్. ఆ పాత్రలో మెల్ గిబ్సన్‌కి మాటలు బహు తక్కువ. మన హీరోలకైతే ఒక్క ఇంటర్వెల్ సీనుకే చాలవు!

చివరికి స్థావరం జనం పెట్రోలుతో బయటపడబోతే ముఠా వాళ్ల ట్యాంకర్ వెంట పడుతుంది. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ చుట్టుపక్కల ఎర్రనేల మీద తీసిన ఆ ఆఖరి వేట ఇప్పటికీ పాతబడలేదు. అంతమంది ప్రాణాలు తీసుకున్న ఆ ట్యాంకర్ పగిలితే కారింది ఇసుక! అసలు పెట్రోలు వేరే బళ్లలో దాటిపోయింది.

2024లో నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ తీసినప్పుడు మన తెలుగు తెర మీదా లోకం ఎండిపోయింది. అక్కడ కరువు పెట్రోలుకి కాదు, కాశీలో గంగకే.