ఆగిన బండి – అన్వయ వ్యతిరేకములు



నేను ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగును సంస్కృతమును చెప్పినవాడను. అట్టివాడు మోటారు బండిని గూర్చి మాటలాడుట కొందఱికి వింతగా తోచవచ్చును. బండిని నడుపుట నాకు తెలియును గాని విప్పి బిగించుట తెలియదు. అయినను, బాల్యమున వల్లించి మఱచిన అన్నంభట్టు తర్కసంగ్రహమును ఒక పాత కారు నాచేత మరల చదివించినది. ఆ వృత్తాంతమే నేడు విన్నవించెదను.

మా అన్నగారు 1986లో కొన్న అంబాసడరు వారి యనంతరము నాకు సంక్రమించినది. ఉత్తరపారా కర్మాగారమున ఆ బండ్ల నిర్మాణము 2014లోనే నిలిచిపోయినది. అయినను వానిని విడువలేనివారు కొందఱున్నారు, వారిలో నేనొకడను. 2018 మే నెలలో ఒకనాటి మధ్యాహ్నము మా చెల్లెలికి గుండెలో నొప్పి వచ్చెను. ఆమెను వెనుక సీటున పరుండబెట్టుకొని ద్వారపూడి చేరువనున్న మా యూరినుండి కాకినాడకు బయలుదేరితిని. అనపర్తి దాటిన పిమ్మట, దీపము నూదినట్లు ఇంజను చటుక్కున ఆగిపోయెను. సెల్ఫు తిరుగుచున్నది, ఇంజను అందుకొనుట లేదు. మీద ఎండ, చుట్టును చేలు. "అన్నయ్యా, ఇంకెంతసేపు?" అని ఆమె అడిగినది. ఆ దారిని పోవు ఆటో ఒకటి దైవికముగా ఆగి ఆమెను తీసికొనిపోయినది. ఆమె బ్రదికినది. అరగంటకు పిమ్మట నేను తాళపుచెవి త్రిప్పగా, ఏమియు ఎఱుగనిదానివలె బండి కదలినది. అప్పుడు నాకు కలిగిన కోపము ఇంతయని చెప్పజాలను.

మఱునాడు ఒక మేస్త్రీ చూచి, ఎండవేడికి గొట్టములో పెట్రోలు మఱగి ఆవిరియై అడ్డుపడుచున్నదని చెప్పి, పంపు మార్చెను. బండి కదలెను. నాలుగవ నాడు మరల ఆగెను. రెండవ మేస్త్రీ కార్బురేటరును విప్పి కడిగెను, టాంకి యడుగు మడ్డిని తీసెను. అప్పుడును కదలెను, మరల ఆగెను. వారు మోసగాండ్రు కారు. అయితే వారి పని ముగియుటకు గంట పట్టుచున్నది. ఆ గంటలో ఇంజను చల్లాఱుచున్నది. కాకి వాలినది, తాటిపండు రాలినది. పంపు మార్చినందున బండి కదలెనని మేమందఱము నమ్మితిమి.

ఇక్కడనే నాకు తర్కసంగ్రహము జ్ఞప్తికి వచ్చినది. "వేడికి ఆగుచున్నది, చల్లాఱిన కదలుచున్నది, కావున పెట్రోలు దోషము" అనునది మా మేస్త్రీల అనుమానము. ఈ హేతువు సాధ్యము లేనిచోటను ఉండవచ్చును. పెట్రోలు ఆవిరియైనను బండి అట్లే ఆగును. నిప్పురవ్వ పుట్టకున్నను అట్లే ఆగును. రెండింట నుండు గుఱుతు ఒకదానిని స్థాపింపజాలదు. దీనినే శాస్త్రకారులు సవ్యభిచారమను హేత్వాభాసమనిరి.

ఆ నిప్పురవ్వ సంగతి కొంత చెప్పవలెను. బ్యాటరీలోని 12 వోల్టుల విద్యుత్తు కాయిలు అను డబ్బాలోనికి పోవును. అందు ఇనుప కమ్ములపై రెండు తీగచుట్లుండును. ఒకటి లావు, రెండవది వెండ్రుకవలె సన్నము. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు విడిపోయిన ప్రతిసారియు సన్నచుట్టులో వేల వోల్టుల విద్యుత్తు పుట్టి, ప్లగ్గుల కొనల యొద్ద మెఱుపై దూకును. 1910 ప్రాంతమున అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ వాడుకలోనికి తెచ్చిన పద్ధతియే మా యంబాసడరులోను ఉన్నది. కాయిలు ముసలిదైనచో, వేడికి లోపలి తీగ సాగి, చిట్లినచోట ఎడమగును. లేదా దాని పూత చెడును. చల్లాఱగానే మరల కూడుకొనును. ఇంజను ఆగినపుడు తాళపుచెవి త్రిప్పియే యుంచుట మంచిది కాదు. అప్పుడు పాయింట్లు కలిసియున్నచో కాయిలు ఊరక కాగుచుండును. ఆనాడు కాలువగట్టున నేను చేసిన పని అదియే.

బండి ఆగిన తీరును నన్ను ఏ మేస్త్రీయు అడుగలేదు, నేనును చెప్పలేదు. పెట్రోలు అందని బండి సాధారణముగా దగ్గుచు, కుదుపులు పెట్టుచు ఆగును. రవ్వ పోయిన బండి ఒక్కసారిగా ఆగును. టాంకి మూత రంధ్రము పూడినపుడును పెట్రోలు అందదు. మూత తెఱచినపుడు లోనికి గాలి బుస్సుమని పోయినచో దానిని శంకింపవచ్చును.

అయితే ఇవి శంకలే. పరీక్ష ఆగిన క్షణముననే జరుగవలెను. ఇల్లు చేరిన పిమ్మట జ్వరమును వెదకిన లాభమేమి? మా మేనల్లుని వెంటబెట్టుకొని బండిని ఎండలో త్రిప్పితిని. ఆగగానే బానెట్టు నెత్తి, డిస్ట్రిబ్యూటరు నడుమనున్న లావు తీగను ఊడదీసి, దాని కొనను ఇంజను లోహమునకు పావు అంగుళము ఎడముగా, పిడికి తొడుగున్న పట్టుకారుతో పట్టుకొంటిని. పెట్రోలు కారుచున్నచోట ఈ పని చేయరాదు. తీగను వట్టి చేతితో పట్టరాదు. మేనల్లుడు సెల్ఫు కొట్టెను. నీలిరవ్వ టపటప దూకవలసినచోట ఏమియు లేదు.

రవ్వ లేదని తేలినది గాని, దోషము కాయిలుదో, కండెన్సరుదో, పాయింట్లదో తేలలేదు. చవుక గదాయని మొదట కండెన్సరు మార్చితిని. మేస్త్రీలను తప్పుపట్టిన నేను వారి పనినే చేసితిని! బండి మరల ఆగెను.

ఈసారి క్రొత్త కాయిలును వెంట తీసికొనిపోయితిమి. ఎండలో బండి ఆగిన చోటనే, ఇంజను సెగలు గ్రక్కుచుండగనే, పాత కాయిలు తీగలను విప్పి క్రొత్తదానికి తగిలించితిమి. అయిదు నిమిషములు పట్టలేదు. చల్లాఱుటకు వ్యవధి లేదు, మఱి దేనిని ముట్టలేదు. సెల్ఫు తాకగానే ఇంజను అందుకొన్నది. మఱునాడు పట్టుపట్టి పాత కాయిలునే మరల బిగించి నడిపితిని. పది మైళ్లు పోకమునుపే ఆగినది. క్రొత్తది పెట్టగానే అక్కడికక్కడనే కదలినది. మేనల్లుడు నాకు పిచ్చి పట్టినదనుకొన్నాడు. ఆ బండిలో మా చెల్లెలిని మరల కూర్చుండబెట్టవలసినవాడను నేను. నాకు అంతకంటె తక్కువ ప్రమాణము చాలదు.

ఆ జ్యేష్ఠమాసమంతయు నేనొక్కడనే ఎండలో బండిని నడిపితిని. ఒక్కమాఱైనను ఆగలేదు. పిమ్మట వైద్యుని చూచుటకు ఆమెను అదే బండిలో కాకినాడకు తీసికొనిపోతిని. అనపర్తి దాటునపుడు మాత్రము ఇద్దఱమును మాటలాడలేదు.