అందెశ్రీ పాటకు నేను పడిన ఋణము

(సంతాపసభలో ఒక గ్రామపంచాయతీ మాజీ సభ్యుడు చేసిన ప్రసంగము)

 

కవి అందెశ్రీ గారు 2025 నవంబరు 10వ తేదీన హైదరాబాదులో కన్నుమూసిరి. వారికి 64 సంవత్సరములు. వారు రచించిన ‘జయ జయహే తెలంగాణ’ 2024లో మన రాష్ట్రగీతమైనది. దానిని గూర్చి పెద్దలు చెప్పియున్నారు. నేను వారి వేరొక పాటను గూర్చి చెప్పవలసియున్నది. ఆ సంగతి చెప్పుట నాకు గౌరవకరము కాదు, అయినను చెప్పెదను.

అందెశ్రీ గారు 1961లో రేబర్తి గ్రామమున జన్మించిరి. అసలు పేరు అందె ఎల్లయ్య. తల్లిదండ్రుల నీడ లేక పెరిగిరి. గొఱ్ఱెలు కాచిరి, తాపీపని చేసిరి. బడి మెట్లెక్కని ఆయనకు కాకతీయ విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు నిచ్చినది. ‘గంగ’ చిత్రమునకు వ్రాసిన పాటకు 2006 సంవత్సరపు నంది పురస్కారము లభించినది. మన ఊరి దారిని గొఱ్ఱెలు తోలుకొని పోవు బాలుని మనలో ఎందరము పలుకరింతుము?

సుమారు పదునైదేండ్ల క్రిందట నేను వార్డు సభ్యుడను. ఆ వానకాలమున మా వార్డులో ఒక వృద్ధురాలి ఇంటి గోడ కూలినది. సాయమునకు దరఖాస్తు వ్రాయించుకొని, నా సంతకము కొఱకు వచ్చినది. ఆమె కుమారుడు ఎన్నికలలో నాకు ఎదురుపక్షమున తిరిగినవాడు. “రేపు రా” అంటిని. మరునాడును అదే మాట. ఆ కాగితమును కొంగున ముడివేసికొని ఆమె నాలుగు మారులు వచ్చినది. కాదని నేనెన్నడును అనలేదు. అదియే నా నేర్పు!

అప్పుడే ఈ పంచాయతీ కార్యాలయమునకు అరుగు కట్టుచుండిరి. మాలు అందించు కుర్రవాడొకడు పాడుచుండెను. మనుష్యులలో మనిషితనము కనుమరుగగుటను గూర్చిన పాట అది. కోపపు పాట కాదు. చావింట ఆడవారి ఏడ్పువలె నుండెను.

“ఎవరిదిరా ఈ పాట?” అని అడిగితిని.

“అందెశ్రీది పటేలా. ఆయన గూడ మా లెక్కనే సుతారి పని చేసిండట” అని తట్ట నెత్తికెత్తుకొని పోయెను.

పాటలో నా పేరు లేదు. అయినను అది నన్ను గూర్చియే యని తోచెను. ఆ సాయంకాలమే ఆమె యింటికి పోతిని. కూలిన గోడకు తాటాకులు అడ్డము కట్టియుండెను. లోపల ఎవరును లేరు. కూతురి ఊరికి పోయినదని ఇరుగువారు చెప్పిరి. మరునాడు బస్సెక్కి ఆ ఊరికి పోయి సంతకము చేసితిని. ఆమె నన్ను నిందింపలేదు. “చాయ్ తాగి పో బిడ్డా” అన్నది. ఆ చాయ్ నా గొంతు దిగలేదు. సాయము వచ్చినది గాని, ఆమె ఈ ఊరికి మరల రాలేదు.

అందెశ్రీ గారిని నేను ఒక్కమారైనను చూడలేదు. ఈ సంగతి వారికి వ్రాయవలెనని ఎన్నియో మారులు అనుకొంటిని, రేపు వ్రాయుదమంటిని.

ఆనాడు మాలు మోసిన కుర్రవాడు నేడు మేస్త్రీ. అదిగో, వెనుక వరుసలో కూర్చున్నాడు. అతనికి ఆ పాట అంతయు వచ్చును. అతనిని ముందుకు రమ్మని కోరుచున్నాను.