ఒకే సైకిలు, ఇద్దరి శ్రమ



ముందొకరు, వెనుకొకరు కూర్చుండి తొక్కే జంట సైకిలును ట్యాండెమ్ అంటారు. హ్యాండిలు, బ్రేకులు ముందువాని అధీనంలో ఉంటాయి. అయితే ఇరువురి పెడళ్లూ గొలుసుతో కలపబడి ఉండుటచేత నాలుగు పాదాలూ ఏకకాలంలో తిరుగుతాయి. వెనుకనున్నవాడు కేవలం ప్రయాణికుడు కాడు. శ్రమలో సగపాలు వానిది. ఈ సామాన్య వాహనంతో సమాజానికొక పాఠం చెప్పినవారు పుణె నివాసి శ్రీ దివ్యాంశు గణాత్రా.

గణాత్రా పుట్టంధుడు కాడు. 19వ ఏట నీటికాసుల వ్యాధి ఆయన చూపును హరించింది. చూపు కోల్పోయినవారికి మన సమాజంలో జాలికి కొదవ లేదు, కొదవ అవకాశాలకే. "పాపం, నీకెందుకీ శ్రమ?" అనే మాట ప్రేమతో పలికినదైనా సంకెలయే అవుతుంది. ఆ సంకెలకు లొంగక ఆయన మనస్తత్వ నిపుణుడైనాడు. 2014లో ఒంటరిగా పారాగ్లైడర్‌పై ఎగిరి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయ అంధుడుగా పేరొందాడు. వికలాంగులూ, ఇతరులూ కలిసి సాహసక్రీడలలో పాల్గొనుటకై అదే సంవత్సరం "అడ్వెంచర్స్ బియాండ్ బ్యారియర్స్ ఫౌండేషన్" అనే సంస్థను నెలకొల్పాడు.

2016లో ఆయన మనాలీ నుండి ఖార్దుంగ్ లా వరకు ట్యాండెమ్‌పై ప్రయాణించాడు. ఆ మార్గంలో ఈ యాత్ర సాగించిన తొలి భారతీయ అంధుడు ఆయనే. మార్గం 500 కిలోమీటర్లకు పైబడినది. బారాలాచా, తంగ్‌లంగ్ వంటి ఉన్నత కనుమలను దాటవలె. 5,000 మీటర్లకు మించిన ఎత్తులో శ్వాసకు లభించే ప్రాణవాయువు సముద్రమట్టం వద్ద దొరికేదానిలో ఇంచుమించు సగమే. అచ్చట ముందువాడు గుంతను, మలుపును, బ్రేకును మాటతో తెలుపవలె. వెనుకవాడు ఆ మాటను నమ్మి బలమంతా పెడలుపై మోపవలె. ఒకరు ఆగితే ఇద్దరూ ఆగవలసినదే. చూపున్నవానికి సైతం తోడు లేనిదే ఆ సైకిలు ఎత్తుకెక్కదు.

అదే 2016లో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల హక్కుల చట్టం, క్రీడలలో వారి భాగస్వామ్యానికి ప్రభుత్వాలు చర్యలు తీసుకొనవలెనని నిర్దేశించింది. చట్టం ద్వారం తెరువగలదు; ప్రక్కన చోటిచ్చి పిలువవలసినవారు సాటి మనుష్యులు. పాఠశాలలో ఆటల గంట మోగినపుడు తరగతి గదిలోనే మిగిలిపోయే అంధబాలుని చేయి పట్టుకొని మైదానానికి తీసికొనిపోయే సహపాఠి ఉన్ననాడే సమైక్యత అనే మాటకు సార్థకత చేకూరుతుంది.