వాసన ముందు మనకే, కబురు మాత్రం ఆఖర్న

(సెప్టెంబరు 14న రామసముద్రంలో దళితవాడల యువకులు, పొదుపు సంఘాల అక్కలు కూడిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు సెప్టెంబరు 14. 1997లో ఇదే తేదీన, ఆదివారం పొద్దున్నే, విశాఖపట్నం మల్కాపురంలోని హిందుస్తాన్ పెట్రోలియం రిఫైనరీలో గ్యాసు నిల్వలు పేలినాయి. 60 మంది దాకా చనిపోయినారు. మనం ఏప్రిల్ 14 మర్చిపోం, డిసెంబరు 6 మర్చిపోం. కారంచేడునీ చుండూరునీ మర్చిపోం, మర్చిపోకూడదు. మరి మల్కాపురం మనకి ఎందుకు గుర్తు లేదు? అక్కడ గొడ్డలి పట్టుకున్నవాడు కంటికి కనపడడు కాబట్టి. కనపడని చేతిని గుర్తుపట్టడం కూడా మనం నేర్చుకోవాల. అందుకే ఈ సభ.

"విశాఖ యాడ, రామసముద్రం యాడ? మనకేం పని సారూ?" అని పొద్దున ఒక తమ్ముడు అడిగినాడు. మంచి ప్రశ్న. దానికి జవాబుగా నా తప్పు ఒకటి చెప్తా.

కొన్నేళ్ళ కిందట పుంగనూరు రోడ్డు మలుపులో ఒక గ్యాసు ట్యాంకరు గుంతలో ఒరిగి ఆగిపోయింది. బుస్సుమని శబ్దం. పిల్లోళ్ళంతా తమాషా చూడటానికి పరుగెత్తినారు. వాళ్ళ వెనకాలే నేనూ పోయినాను. బియ్యెస్సీ చదివినోణ్ణి, మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, బళ్ళో సైన్సు చెప్పేవాణ్ణి. చేతులు కట్టుకుని చూస్తా నిలబడినాను. ఇరవై అడుగుల దూరంలో టీ అంగడి పొయ్యి మండతానే ఉంది. అప్పుడు బెంగుళూరులో ఇళ్ళల్లో పనిచేసి వచ్చిన మన వాడ ముసలమ్మ ఒకామె కేకేసింది: "ఏం సారూ, వాసనొస్తాంది కదా! ముందు ఆ పొయ్యి ఆర్పించు, పిల్లోళ్ళని గాలికి ఎదురుగా ఎగువకి తోలు!" ఆ రోజు ఏమీ కాలేదు. అది నా చదువు గొప్పతనం కాదు, అక్షరం రాని ఆ తల్లి తెలివి. సిగ్గుతో ఇంటికొచ్చి ఆ రాత్రే ఈ గ్యాసుల సంగతి చదవడం మొదలుపెట్టినాను.

మల్కాపురంలో జరిగింది ఇది. ఓడలో వచ్చిన వంటగ్యాసును పైపుల ద్వారా రిఫైనరీలోని పెద్ద ఇనుప గోళాల్లోకి ఎక్కిస్తున్నారు. ఆ దారిలో పైపు నుంచి గ్యాసు కారింది. వంటగ్యాసును ఒత్తిడితో నొక్కి ద్రవం చేసి నింపుతారు. ఒక లీటరు ద్రవం బయటపడితే దాదాపు 250 లీటర్ల గ్యాసవుతుంది. అది గాలికన్నా బరువు. పొగ మాదిరి పైకి పోదు. నేలబారున పాకుతుంది, కాలవల్లోకి, గుంతల్లోకి దిగి కూర్చుంటుంది. గాలిలో సుమారు రెండు పాళ్ళ నుంచి తొమ్మిది పాళ్ళ దాకా కలిసిందంటే చాలు, ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. మల్కాపురంలో ఆ మేఘం అంటుకుంది. ఆ వేడి పక్కనున్న గోళాలకి, చమురు ట్యాంకులకి పాకింది. భవనాలు కూలినాయి. సాయంత్రమైనా మంటలు అదుపులోకి రాలేదు. ఆదివారం కాకుండా పనిదినమై ఉంటే ఆఫీసుల్లో ఇంకెంతమంది ఉండేవాళ్ళో ఊహించుకోండి.

మంట తగిలిన గోళం ఎందుకు పేలుతుంది? లోపలి ద్రవం కాగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ద్రవం లేని పైభాగంలో ఇనుము ఎర్రగా కాలి మెత్తబడి చీలుతుంది. ఉన్నదంతా ఒక్కసారిగా నిప్పుముద్ద అవుతుంది. 1966 జనవరి 4న ఫ్రాన్సులో ఫేజాఁ అనే చోట ఇట్లాగే జరిగి 18 మంది పోయినారు. వాళ్ళలో మంట ఆర్పడానికి పోయిన ఫైరువాళ్ళు ఎక్కువ. అందుకే చెప్తున్నా, మండుతున్న ట్యాంకరు దగ్గరికి బిందెలు తీసుకుని పోవడం ధైర్యం కాదు. ఫైరింజన్‌కి దారి వదిలి, జనాన్ని దూరంగా తీసుకుపోవడమే ధైర్యం.

మల్కాపురం, శ్రీహరిపురం చుట్టుపక్కల జనం వేలకొద్దీ ఇళ్ళు వదిలి పరుగు తీసినారు. ఎటు పోవాల? ఎంత దూరం పోవాల? ముసలోళ్ళని ఎవరు ఎత్తుకోవాల? ఇదంతా ముందే రాసిపెట్టాలని చట్టం అప్పటికే ఉంది. భోపాల్ తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు చేసినారు. ఫ్యాక్టరీ లోపలికి ఒక అత్యవసర ప్రణాళిక, బయటి ఊళ్ళకి ఒక ప్రణాళిక ఉండాలన్నారు. ఏ ప్రమాదం రావచ్చో, వస్తే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చుట్టుపక్కల జనానికి చెప్పాలన్నారు. 1996లో ఇంకో నిబంధనలు తెచ్చి రాష్ట్రానికి, జిల్లాకి, స్థానికానికి సంక్షోభ కమిటీలు వెయ్యాలన్నారు. అది జరిగిన మరుసటి సంవత్సరమే మల్కాపురం. కాగితం బీరువాలో ఉంటే జనం కాళ్ళకి దారి తెలుస్తుందా?

ఇక తర్వాత జరిగినవి వినండి. 2013 ఆగస్టు 23న అదే రిఫైనరీలో కూలింగ్ టవర్ దగ్గర మంటలు లేచి అది కూలింది. 20 మందికి పైగా పోయినారు. వాళ్ళలో చాలామంది కాంట్రాక్టు కూలీలు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలింది. అక్కడా 20 మందికి పైనే. ఎండు గ్యాసు కోసం వేసిన పైపులో నీళ్ళూ ద్రవాలూ కలిసిన గ్యాసు పంపినారని, లోపల తుప్పు తినేసిందని విచారణలో తేలింది. గ్యాసు కారతాందని ముందే చెప్పినామని ఊరోళ్ళు మొత్తుకున్నారు. చెప్పిన మాట వినేవాడు ఎవడు? ఆ నగరం ఉన్న కోనసీమ జిల్లాకి 2022లో బాబాసాహెబ్ పేరు పెడితే అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టినారు. పైపు పేలడానికి కారణమైన నిర్లక్ష్యం మీద రాని కోపం ఒక పేరు మీద వచ్చింది! ఇదీ మన దేశం.

2020 మే 7, తెల్లవారుజామున మూడు గంటలు. విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి నిద్రపోతున్న ఇళ్ళ మీదికి వచ్చింది. 12 మంది చనిపోయినారు. కంపెనీలో సైరన్లున్నాయి, మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే చెప్పింది. ఒక్క బొత్తాం నొక్కి ఉంటే ఎంతమంది లేచి పరుగెత్తి ఉండేవాళ్ళు? చచ్చినాక కుటుంబానికి కోటి రూపాయలు ఇచ్చినారు. బతికుండగా ఒక్క కూత ఇవ్వలేకపోయినారు.

ఇది మన రాష్ట్రం గొడవ మాత్రమే కాదు. 1984 నవంబరు 19న మెక్సికో నగరం పక్కన శాన్ హువానికోలో గ్యాసు గోళాలు పేలి సుమారు 500 మంది పేదలు కాలిపోయినారు. వాళ్ళ ఇళ్ళు నిల్వ కేంద్రం గోడ దగ్గర దాకా ఉన్నాయి. సరిగ్గా రెండు వారాలకి, డిసెంబరు 2 రాత్రి, భోపాల్. అది మంట కాదు, విషవాయువు. వేలమంది పోయినారు. అక్కడా బస్తీలు ఫ్యాక్టరీ గోడకి ఎదురుగానే ఉన్నాయి. ఒక్క పక్షం రోజుల్లో ప్రపంచం రెండు మూలల్లో ఒకే పాఠం.

కొందరు పెద్దమనుషులు అంటారు: "గ్యాసుకి కులం యాడుంది? అందర్నీ సమానంగా చంపుతుంది." అయ్యా, గ్యాసుకి కులం లేదు. కానీ గోడపక్క స్థలానికి ఉంది. ట్యాంకులోకి దిగి కడిగే పనికి ఉంది. రాత్రి షిఫ్టుకి ఉంది. పర్మినెంటు ఉద్యోగికి ఇచ్చిన శిక్షణ కాంట్రాక్టు కూలీకి ఇవ్వకపోవడానికి ఉంది. చనిపోయినోళ్ళ జాబితాలో కులం రాయరు, "కాంట్రాక్టు కూలీ" అని రాస్తారు. ఆ మాట వెనక ఏ వాడలున్నాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ సభలోనే లెక్క తీయండి. బెంగుళూరుకి, హోసూరుకి పోయి ఏ కంపెనీ గేటు లోపల ఏ గ్యాసుందో తెలియకుండా పనిచేస్తున్న పిల్లోళ్ళు ఎంతమంది?

మన తాతలకి అక్షరం వినపడకూడదన్నారు. ఈ రోజు అట్లా అనే ధైర్యం ఎవడికీ లేదు. దానికి బదులు, కాగితం చూపించరు. చూపించినా మనకి అర్థం కాని భాషలో చూపిస్తారు. జ్ఞానాన్ని దాచిపెట్టడమే కులం మొదటి పని. ఊరికి దూరంగా మనల్ని పెట్టినారు, ప్రమాదానికి దగ్గరగా పెట్టినారు. అందుకే వాసన ముందు మనకే వస్తుంది. కబురు మాత్రం ఆఖర్న వస్తుంది. ఈ వరస తిరగబడాల.

బాబాసాహెబ్‌ని మనం రాజ్యాంగంతోనే తలుచుకుంటాం. ఆయన 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసినారు. 1943లో ధన్‌బాద్ బొగ్గుగనుల్లోకి స్వయంగా దిగి కూలీల పని చూసినారు. ఆఫీసులో కూర్చుని ఫైలు చదివితే సరిపోదని ఆయనకి తెలుసు. మనమూ దిగి చూడాల.

ఏం చేద్దాం? మాటలు చాలు, పనులు చెప్తా.

ఒకటి, మన ఇల్లు. 1999 నుంచి దీపం పథకం, 2016 నుంచి ఉజ్వల పథకం. మన అక్కల చేతికి సిలిండరు ఇచ్చినారు, సంతోషం. పాఠం ఇచ్చినారా? సిలిండరు ఎప్పుడూ నిలబెట్టే ఉంచాల, పడుకోబెట్టకూడదు. వాసనొస్తే రెగ్యులేటరు కట్టెయ్యాల, తలుపులు, కిటికీలు తీయాల. లైటు స్విచ్చి వెయ్యకూడదు, వేసి ఉంటే ఆర్పకూడదు. పిల్లలతో బయటికి వచ్చి, అక్కడ నిలబడి 1906కి ఫోన్ చెయ్యాల. మంట లేస్తే 101కి. వాసన నేలబారున ఉంటుంది, కింద పడుకున్న పసిపిల్లని ముందు ఎత్తుకోండి.

రెండు, మన రోడ్డు. ట్యాంకరు పడితే చుట్టుపక్కల పొయ్యిలు, బీడీలు ఆర్పించాల. మోటారుసైకిలు స్టార్టు చెయ్యకూడదు. గాలి ఎటునుంచి వస్తాందో చూసి ఆ దిక్కుకి, ఎగువకి, దూరంగా పోవాల. చేతిలో మట్టి తీసి వదిలితే గాలి దిక్కు తెలుస్తుంది. తూర్పారబట్టిన చేతులకి ఇది నేర్పాలా?

మూడు, మన పని. కంపెనీకి పోయే ప్రతి పిల్లోడూ మొదటి రోజే అడగాల: ఇక్కడ ఏం నిల్వ ఉంది? సైరన్ మోగితే ఎటు పోవాల? కార్మికులకీ చుట్టుపక్కల జనానికీ ప్రమాదం వివరాలు చెప్పాలని 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చినారు. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. చట్టం పేరు మారింది, చెప్పాల్సిన బాధ్యత పోలేదు. ఒక్కడే అడిగితే పనిలోంచి తీసేస్తారు. పది మంది కలిసి అడగండి.

నాలుగు, మన హక్కు. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో కలెక్టరు ఆఫీసుని అడుగుదాం: జిల్లాలో ప్రమాదకర నిల్వలు ఎక్కడెక్కడ ఉన్నాయి? బయటి ఊళ్ళ ప్రణాళిక కాపీ ఇవ్వండి. సంవత్సరానికి ఒకసారి జరగాల్సిన రిహార్సలు ఎప్పుడు చేసినారు? ఏ దళితవాడని పిలిచినారు? ఆ జవాబుని తెలుగులో రాసి వాడ గోడమీద అతికిద్దాం. దరఖాస్తు నేను రాస్తా. సంతకాలు మీరు పెట్టండి, ముందు అక్కలు పెట్టాల.

మా బళ్ళో ఇప్పుడు ప్రతి సంవత్సరం సెప్టెంబరు 14న ఒక పీరియడు ఇదే పాఠం చెప్తున్నా. సిలబస్‌లో లేదు. పోయిన సంవత్సరం ఒక పాప అడిగింది: "సార్, వాళ్ళకి ఎవరూ ముందే చెప్పలేదా?" నా దగ్గర జవాబు లేకపోయింది. రేపు ఈ పాప పెద్దదయి మనల్ని ఇదే ప్రశ్న అడిగితే, "చెప్పినాం తల్లీ, గోడమీద రాసినాం, వాడంతా తిరిగి చెప్పినాం" అనగలిగేట్టు ఉండాల. ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. ఆమె కేక మనం అందుకోవాల.

జైభీమ్!