పసివాడి కళ్లతో యుద్ధం

పెద్దవాళ్లు నోరు విప్పని చోట ఒక్కోసారి పసివాడు నిజం చెప్పేస్తాడు. అమెరికన్ నవలా రచయిత కర్ట్ వానెగట్ ఆ పసితనాన్నే తన శైలి చేసుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన జర్మన్లకు ఖైదీగా చిక్కారు. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్ నగరం బాంబులకు తగలబడిపోతుంటే, ఒక కబేలా కింద నేలమాళిగలో తలదాచుకుని బతికారు. ఆ అనుభవం నవలగా రావడానికి ఇరవై ఏళ్లు దాటింది. అదే 1969లో వచ్చిన 'స్లాటర్‌హౌస్ ఫైవ్'.

మొదటి అధ్యాయంలోనే స్నేహితుడి భార్య ఆయన మీద మండిపడుతుంది. అప్పుడు మీరంతా పసివాళ్లే కదా, రేపు పుస్తకంలో మాత్రం మహావీరులైపోతారు, అని ఆవిడ బాధ. పిల్లల దండయాత్ర అని పేరు పెడతానని ఆయన మాటిచ్చారు. పెట్టారు కూడా. ఆ నవలకు రెండో పేరు అదే.

ఇది రాయడం చేతగాక వచ్చిన పసితనం కాదండీ. తెలిసి తెలిసి ఎంచుకున్న పసితనం. అలవాటైపోయిన దారుణం మళ్లీ దారుణంగా కనబడాలంటే, దాన్ని మొదటిసారి చూసే కళ్లు కావాలి.

1973లో వచ్చిన 'బ్రేక్‌ఫాస్ట్ ఆఫ్ ఛాంపియన్స్' చూడండి. బొమ్మలు ఆయనే గీశారు. పిల్లల నోటుబుక్కులో గీసినట్టే ఉంటాయి. ఒకచోట ఆవు బొమ్మ. ఆ తర్వాత హ్యాంబర్గర్ బొమ్మ. ఇంకోచోట తుపాకీ. అదేమిటో, దేనికి వాడతారో, ఎన్నడూ చూడనివాళ్లకు చెప్పినట్టు మెల్లగా చెబుతారు. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.