రాష్ట్రపతి పాలన - సమాఖ్య ధర్మము

మన రాజ్యాంగపు ఏడవ షెడ్యూలు శాసనాధికారములను మూడు జాబితాలుగా విభజించినది. రక్షణ, విదేశవ్యవహారములు, రైల్వేలు కేంద్రమునకు చెందినవి. పోలీసు, ప్రజారోగ్యము, వ్యవసాయము రాష్ట్రములకు చెందినవి. మూడవది ఉమ్మడి జాబితా. ఏ జాబితాలోను చేరని విషయములు కేంద్రమునకే చెందును. త్రాసు కేంద్రమువైపు కొంత మొగ్గియున్న మాట నిజమే. అయినను తన పరిధిలో రాష్ట్రము ఒకరి చెప్పుచేతలలో నుండునది కాదు.

ఈ పంపకమును కొంతకాలము పక్కకు నెట్టగల అధికరణ మొకటి కలదు. అది 356వది. రాష్ట్రపాలన రాజ్యాంగానుసారముగా సాగుటకు వీలులేదని రాష్ట్రపతికి తోచినచో, ఆ ప్రభుత్వాధికారములను తాను స్వీకరింపవచ్చును. 1949లో రాజ్యాంగపరిషత్తున డాక్టర్ అంబేద్కర్, ఇట్టి అధికరణములు ప్రయోగమునకు రాకుండ కాగితముపైననే మిగులునని ఆశించిరి. ఆ ఆశ ఫలింపలేదు.

1954లో ఆంధ్రరాష్ట్రమున ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము శాసనసభలో ఒక్క వోటు తేడాతో ఓడిపోయెను. పిమ్మట రాష్ట్రపతి పాలన వచ్చెను. 1959లో కేరళమున నంబూద్రిపాదుగారి మంత్రివర్గమును, సభలో మెజారిటీ యుండగనే తొలగించిరి. మొదటిచోట సభ తీర్పు చెప్పినది. రెండవచోట సభను ఎవరును అడుగలేదు. 1977లో జనతా ప్రభుత్వము తొమ్మిది రాష్ట్రముల శాసనసభలను రద్దుచేయించెను. 1980లో కాంగ్రెసు ప్రభుత్వమును అదేవిధముగ తొమ్మిదింటిని రద్దుచేయించెను. కావున దోషము ఒక్క పక్షమున కంటగట్టదగినది కాదు.

1989లో కర్ణాటక ముఖ్యమంత్రి బొమ్మైగారు మెజారిటీ కోల్పోయిరని గవర్నరు నివేదించెను. సభలో నిరూపించుకొందునని ఆయన కోరినను అవకాశము దొరకలేదు. ఆ వ్యాజ్యముపై 1994 మార్చి 11న సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. మెజారిటీని తేల్చవలసినచోటు శాసనసభయే. రాష్ట్రపతి ప్రకటనను న్యాయస్థానము పరిశీలింపవచ్చును. పార్లమెంటు ఉభయసభలు ఆమోదించువరకు శాసనసభను రద్దుచేయరాదు. ఇవి ఆ తీర్పులోని ముఖ్యాంశములు. 2016లో ఉత్తరాఖండమున న్యాయస్థానపు ఆజ్ఞతో సభలోనే బలపరీక్ష జరిగి, తొలగింపబడిన ప్రభుత్వము తిరిగి వచ్చెను.

ఈ అధికారమును పూర్తిగా తీసివేయుట మంచిదని కొందరందురు. రాష్ట్రమున పాలనయే కుప్పకూలినపుడు ప్రజలను కాపాడువా రెవరు? కడపటి ఉపాయముగా అది యుండవలసినదే. 1988లో సర్కారియా కమిషన్ చెప్పినదియు నిదే. శ్రోతలు గమనింపవలసిన దొక్కటి. రాజభవనమునకు చేరు లేఖ ఎవరు, ఎందుకు వ్రాసిరో ప్రజలకు తెలియదు. సభలో ఎత్తిన చేయి అందరికిని కనబడును. మన వోటుతో ఏర్పడిన ప్రభుత్వము పడిపోవలసివచ్చినచో, మనము చూచుచుండగా పడిపోవలెను.